పురిటి గదిలో తోడు



ఈ పూట పురిటి సంగతి మాట్లాడదామని వచ్చాను. ఆడవాళ్ల విషయమని మగవాళ్లు రేడియో కట్టేయకండి. మన కొండల్లో డోలీ మోసేది మీ భుజాలే. ఆసుపత్రి వరండాలో తెల్లవార్లూ గొంతుక్కూర్చునేదీ మీరే. కనుక ఇది మీరూ వినాల్సిన మాట.

నేను అరకులోయకు ఎగువన ఒక కొండవాలు ఊళ్లో పుట్టాను. ఇంట్లో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు. ఏఎన్ఎం శిక్షణ పొంది ముప్పై ఏళ్లు డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట కొండల్లోనే తిరిగాను. ఉద్యోగం అయిపోయాక కూడా ఒక పని మానలేదు. నొప్పులు పడుతున్న పిల్ల పక్కన కూర్చుంటాను. ఇప్పుడు నేను మందు ఇవ్వను, సూది వెయ్యను, పురుడు పొయ్యను. నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ రొమ్ము పట్టే వరకు ఆమెను వదలకుండా ఉంటాను, అంతే.

ఈ పనికి పెద్ద నగరాల్లో ఇప్పుడొక పేరుంది. డూలా అంటారు. గ్రీకు మాట అది, సేవ చేసే స్త్రీ అని దాని పాత అర్థం. అమెరికాకు చెందిన డేనా రాఫెల్ అనే మానవశాస్త్రవేత్త 1973లో తన పుస్తకంలో, బాలింతకు అండగా ఉండే ఆడమనిషి అన్న అర్థంలో ఈ మాట వాడారు. అక్కడి నుంచి అది లోకమంతా పాకింది. హైదరాబాదులో ఇప్పుడు డబ్బిచ్చి డూలాను కుదుర్చుకునే కుటుంబాలున్నాయి. ఆ పేరు నేను మొదటిసారి విన్నప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.

మా నాయనమ్మ మంత్రసాని. ఏ రాత్రి కబురొచ్చినా చేతిలో పని అక్కడే వదిలేసి లేచిపోయేది. చిన్నప్పుడు నేనూ ఆమె వెంట నడిచి, గుమ్మం బయట కూర్చునేదాన్ని. లోపల ఏం జరిగేదో తర్వాత ఆమె నోటే విన్నాను. ఇంటి దూలానికి తాడు కట్టేవారు. నొప్పి వచ్చినప్పుడు పిల్ల ఆ తాడు పట్టుకుని గొంతుక్కూర్చునేది. వెనక ఒకావిడ తన మోకాళ్లు ఆనించి నడుముకు దన్నుగా ఉండేది. ఇంకొకావిడ వలిసె నూనె వెచ్చచేసి నడుము మీద రాసేది. నొప్పికీ నొప్పికీ మధ్య గోరువెచ్చని చోడి అంబలి రెండు గుక్కలు తాగించేవారు. పిల్ల అరిస్తే అరవనిచ్చేవారు, ఏడిస్తే ఏడవనిచ్చేవారు. ఒంటరిగా మాత్రం ఒక్క క్షణం వదిలేవారు కాదు.

ఇది చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. మా నాయనమ్మ చేతుల్లోనే ఇద్దరు తల్లులు పోయారు. ఒకామెకు బిడ్డ పుట్టాక నెత్తురు ఆగలేదు. ఇంకొకామెకు బిడ్డ అడ్డం తిరిగింది. ఆ రెండు పేర్లు నాయనమ్మ చివరిదాకా తలుచుకుంటూనే ఉంది. వెదురు పేడుతో బొడ్డు కోసిన రోజులవి. వారం తిరక్కుండా ధనుర్వాతంతో బిగుసుకుపోయిన పసికందులను నేనూ చూశాను. గర్భిణులకు టీకాలు వేసి, శుభ్రమైన పురుళ్లు నేర్పి, ఆ జబ్బును మన దేశం అదుపులోకి తెచ్చింది. బాలింతల్లో, పసికందుల్లో ధనుర్వాతం ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించింది. అందుకే పాత రోజులు మళ్లీ రావాలని నేను అనను. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. నెత్తురు ఆపే సూది అక్కడ ఉంది. అడ్డం తిరిగిన బిడ్డను బతికించే చేతులు అక్కడ ఉన్నాయి.

ఆ ఆసుపత్రి దాకా చేర్చడానికి ఈ ఇరవై ఏళ్లలో చాలా పని జరిగింది. 2005లో జననీ సురక్ష యోజన వచ్చింది. ఆ ఏడే ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 బండి మొదలైంది. 2011 జూన్ నుంచి ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, నెత్తురు, తిండి, ఇంటికి తిరిగి వెళ్లే బండి అన్నీ ఉచితం. బండి ఎక్కలేని కొండదారుల కోసం బైకు అంబులెన్సులు వచ్చాయి. అరకులోయలో పిరమల్ స్వాస్థ్య సంస్థ ఆసరా పేరుతో నర్సులను మోటారు సైకిళ్ల మీద ఊరూరికీ పంపింది. గర్భిణులను దగ్గరి కేంద్రానికి తెచ్చి, తెర మీద స్పెషలిస్టు డాక్టరుకు చూపించింది. సాలూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ 2018లో గర్భిణుల వసతి గృహం తెరిచింది. నెలలు నిండుతున్న గర్భిణులు ముందే వచ్చి అక్కడ ఉంటారు, నొప్పులు రాగానే ఆసుపత్రికి వెళతారు. ఆ పద్ధతి తర్వాత మిగతా ఏజెన్సీకీ పాకింది. 

ఇంత జరిగినా వాన పడితే ఇప్పటికీ డోలీ కట్టే ఊళ్లున్నాయి. డోలీ అంటే తెలియని పట్నం శ్రోతల కోసం చెబుతాను. గట్టి వెదురు బొంగుకో కర్రకో దుప్పటి రెండు కొసలూ ముడేసి కడతారు. ఆ ఊయలలో గర్భిణిని పడుకోబెడతారు. ముందొకరు, వెనకొకరు భుజానికెత్తుకుంటారు. మార్చుకోవడానికి మరో ఇద్దరు పక్కన నడుస్తారు. గెడ్డ దాటేటప్పుడు నీళ్లు నడుము దాకా వస్తే బొంగును తల మీదికెత్తుకుంటారు. లోపలి పిల్ల ముడుచుకుని ఉంటుంది, పక్కకు తిరగడానికి చోటుండదు. మోసేవాళ్లు రొప్పుతుంటారు. నొప్పి వచ్చినప్పుడు ఆపండి అనడానికి ఆమెకు మొహమాటం.

తల్లులు ఎందుకు చనిపోతున్నారని పరిశీలించిన థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో మూడు ఆలస్యాల గురించి రాశారు. ఆసుపత్రికి వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఆలస్యం మొదటిది. దారిలో ఆలస్యం రెండోది. ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో ఆలస్యం మూడోది. మనం డోలీ గురించీ రోడ్డు గురించీ మాట్లాడినప్పుడల్లా రెండోదాని గురించే మాట్లాడుతున్నాం. అది మాట్లాడాల్సిందే. రోడ్డు వెయ్యాల్సిందే. కానీ మొదటి ఆలస్యం ఎక్కడ పుడుతుందో ఎవరైనా అడిగారా? ముందుసారి ఆసుపత్రిలో తల్లికి జరిగినదాంట్లో చాలాసార్లు అది పుడుతుంది. దానికి ఒక సంగతి చెబుతాను.

చాలా ఏళ్ల కిందటి మాట. ఏ ఆసుపత్రో చెప్పను. కువి మాట్లాడే కోదు పిల్ల, తొలిచూలు. రాత్రంతా డోలీలోనూ తర్వాత బండిలోనూ వచ్చింది. అత్త వెంట వస్తే ఆమెను ప్రసవాల గది గుమ్మం దగ్గరే ఆపేశారు. పిల్ల లోపల, అత్త బయట. నేను వేరే పనిమీద అక్కడికి వెళ్లి ఉన్నాను. లోపల స్టాఫ్ నర్సు గొంతు వినిపిస్తోంది: "ముక్కమ్మా, ముక్కు, గట్టిగా ముక్కు!" సంతలో విన్న నాలుగు తెలుగు ముక్కలు తప్ప ఆ పిల్లకు మన మాట రాదు. ముక్కు అంటే ముఖం మీద ఉండే ముక్కు అని మాత్రం తెలుసు. నేను తలుపు తీసి చూసేసరికి, అంత నొప్పిలోనూ ఆ పిల్ల వణుకుతున్న చేత్తో తన ముక్కు పట్టుకుంది. చెప్పిన మాట వినడం లేదని నర్సుకు విసుగు. చెప్పింది చేసినా ఎందుకు కసురుతున్నారో తెలియక పిల్లకు భయం.

ఆ నర్సు చెడ్డమనిషి కాదు. ఆ రాత్రి ఆమె ఒక్కతే మూడు కాన్పులు చూస్తోంది. నేను అత్తను లోపలికి పిలిచాను. ఆమె కోడలి తల వెనక నిలబడి, రెండు భుజాలూ పట్టుకుని, చెవిలో తన మాటలో ఏదో చెప్పింది. పిల్ల ముఖం మారిపోయింది. కాసేపటికి ఆడబిడ్డ పుట్టింది. కానీ ఆ పిల్ల రెండో కాన్పుకు ఆసుపత్రికి రాలేదు. నేను వాళ్ల ఊరికి వెళ్లి అడిగితే, దారి దూరమని అనలేదు. "అక్కడ ఒక్కదాన్నే పడుకోవాలి కదా నర్సమ్మా" అంది.

ఆ ఒక్క మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. మన ఆసుపత్రులు ఆమెకు సూది ఇచ్చాయి, మంచం ఇచ్చాయి, నెత్తురు ఇచ్చాయి. ఆమెకు అంతకుముందే ఉన్న తోడును మాత్రం గుమ్మం బయట ఆపేశాయి. ప్రాణం దక్కాలంటే తోడు వదులుకోవాలని ఆమెకు ఎవరూ నోటితో చెప్పలేదు గానీ, ఆమెకు అలాగే అర్థమైంది.

తోడంటే ఓదార్పు మాత్రమే అనుకునేవాళ్ల కోసం రెండు లెక్కలు చెబుతాను. గ్వాటెమాలా దేశంలో ఒక పెద్ద ఆసుపత్రిలో జరిగిన పరిశోధన 1980లో అచ్చయింది. తొలిచూలు గర్భిణుల్లో కొందరి పక్కన, వాళ్లకు ముందు పరిచయం లేని, ఏ శిక్షణా లేని ఒక ఆడమనిషిని కూర్చోబెట్టారు. చేయి పట్టుకోవడం, నడుము రుద్దడం, మాట్లాడటం, ఇంతే ఆమె పని. తోడు లేనివాళ్లకు ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాన్పు అయ్యేదాకా సగటున 19.3 గంటలు పట్టింది. తోడున్నవాళ్లకు తొమ్మిది గంటల లోపే. తోడున్న తల్లులు బిడ్డను ఎక్కువగా నిమిరారు, ఎక్కువగా నవ్వారు, ఎక్కువగా మాట్లాడించారు. తర్వాత లోకమంతటా ఇలాంటి పరిశోధనలు జరిగాయి. 17 దేశాల్లో 15 వేలకు పైగా స్త్రీల మీద జరిగిన 26 అధ్యయనాలను కలిపి 2017లో కొక్రేన్ సంస్థ బేరీజు వేసింది. ఎడతెగని తోడున్నవాళ్లకు మామూలు కాన్పులు ఎక్కువ, సిజేరియన్లు తక్కువ, నొప్పులు పడే సమయం తక్కువ అని తేలింది.

దీనికి కారణం మన ఒంట్లోనే ఉంది. గర్భసంచి ముడుచుకునేలా చేసి బిడ్డను కిందికి దించేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. మనసు నెమ్మదిగా ఉంటే అది బాగా ఊరుతుంది. భయపడితే అడ్రినలిన్ పైకొచ్చి నొప్పులను వెనక్కి లాగుతుంది. అడవిలో ఈనబోయే జంతువు అలికిడి వింటే లేచి వేరే చోటికి పోతుంది. మా పెద్దవాళ్లు అది చూశారు గనకే పురిటింట్లో గట్టిగా మాట్లాడనిచ్చేవారు కాదు.

ఇక అసలు సంగతి. పురిటి గదిలోకి తోడు రావడం ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే నిర్ణయించింది. మన పక్కనే తమిళనాడు 2004 నుంచే ఈ పద్ధతి పెట్టింది. 2017 డిసెంబరులో వచ్చిన లక్ష్య కార్యక్రమం ప్రసవాల గదిలో తల్లికి మర్యాద, తోడు రెండూ ఉండాలంటుంది. ప్రతి స్త్రీకీ తాను కోరుకున్న మనిషి తోడుండాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

2016 నిర్ణయంలో కొన్ని షరతులున్నాయి. అవి కూడా తెలుసుకోండి. వచ్చేది ఆడ బంధువు అయి ఉండాలి, వీలైతే తాను కూడా పురుడు పోసుకున్న మనిషి అయితే మేలు. మిగతా గర్భిణులకు చాటు ఉండేలా ఏర్పాటున్న చోట భర్తను కూడా రానివ్వవచ్చు. అంటురోగాలు ఉండకూడదు. ఉతికిన బట్టలు కట్టుకోవాలి. చివరిదాకా ఉండటానికి సిద్ధపడాలి. డాక్టరు పనికి, నర్సు పనికి అడ్డు రాకూడదు. మిగతా గర్భిణుల జోలికి పోకూడదు. ఇవన్నీ న్యాయమైన షరతులు. మనం పాటించగలిగినవే.

మరి లోపలికి వెళ్లాక ఏం చెయ్యాలి? నాకు తెలిసింది చెబుతాను.

మొదటి గంటల్లో పిల్లను మంచానికి కట్టేసినట్టు పడుకోనివ్వకండి. నర్సు సరేనంటే లేపి నడిపించండి. వంగి మంచం పట్టుకుని నిలబడితే నడుముకు హాయిగా ఉంటుంది. నొప్పి వచ్చినప్పుడు నడుము కింద ఎముక మీద మీ అరచేత్తో గట్టిగా అదిమి పట్టండి. పోగానే వదలండి. నీళ్లు, పలచని జావ కొద్దికొద్దిగా తాగించండి, ముందు సిస్టర్ని అడిగి. గంటకోసారి ఒంటికి పోయించండి, మూత్రసంచి నిండి ఉంటే బిడ్డ దిగడం కష్టం.

తర్వాత ఒక ఘడియ వస్తుంది. ఇక నా వల్ల కాదు, నన్ను ఇంటికి తీసుకుపోండి అని ఏడుస్తుంది. చాలామంది తోడువాళ్లు ఇక్కడే బెదిరిపోతారు. చాలాసార్లు బిడ్డ దగ్గర పడిందనడానికి అదే గుర్తు. అప్పుడు మీ ముఖం ఆమె ముఖం ముందు ఉండాలి. మీ ఊపిరి ఆమెకు వినపడాలి. మీరు నెమ్మదిగా వదిలితే ఆమె నెమ్మదిగా వదులుతుంది. ఎక్కువ మాటలు అక్కర్లేదు. నేనున్నాను అని ఆమె భాషలో అంటే చాలు. నర్సు చెప్పే ప్రతి మాటా ఆమె భాషలో చెప్పండి. ఆమె చెప్పే ప్రతి మాటా నర్సుకు చెప్పండి. ముక్కమంటే ఎలాగో, ఎప్పుడు ఆపాలో నొప్పులు మొదలుకాక ముందే ఇంటి దగ్గర నేర్పి తీసుకురండి.

బిడ్డ పుట్టగానే తల్లి రొమ్ముల మీద పడుకోబెట్టమని అడగండి. బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగడం బిడ్డకు మేలు, ఆ నెత్తురు బిడ్డదే. గంటలోపు ముర్రుపాలు పట్టించండి. బాలింతకు పత్యం పేరుతో తిండి మాడ్చకండి, మన కొండపిల్లల్లో అసలే నెత్తురు తక్కువ.

తోడు కళ్లు తెరుచుకుని ఉండాలి. నెత్తురు ఎక్కువగా పోతున్నా, తలనొప్పితో చూపు మసకేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ కదలడం లేదన్నా, ఉమ్మనీరు పచ్చగా పోయినా మొహమాటం వద్దు, వెంటనే సిస్టర్ని కేకెయ్యండి. పురుడయ్యాక మొదటి రెండు గంటలు మరీ జాగ్రత్త. అందరూ బిడ్డను చూస్తుంటారు. ఒక్కరు తల్లిని చూడండి. మా నాయనమ్మ చేతిలో నెత్తురు ఆగక పోయిన తల్లి ఆ రెండు గంటల్లోనే పోయింది.

ఇదంతా కొండల్లో కుదిరే పనేనా అని అడిగేవాళ్లకు పెరూ దేశం సంగతి చెబుతాను. అక్కడ ఆండీస్ కొండల్లో అయకూచో ప్రాంతం ఉంది. అక్కడి ఆదివాసులది క్వెచువా భాష, ఆసుపత్రిది స్పానిష్. ఒక చోట 1999లో నూటికి ఆరు కాన్పులే ఆరోగ్య కేంద్రంలో జరిగేవి. సిబ్బంది ఊరి ఆడవాళ్లతో, మంత్రసానులతో కలిసి కూర్చుని, మీకు ఎలా కావాలి అని అడిగారు. వాళ్లు చెప్పినట్టు ప్రసవాల గదిలో తాడు కట్టారు, కూర్చుని కనడానికి చిన్న బల్ల వేశారు. ఇంటివాళ్లను, మంత్రసానిని లోపలికి రానిచ్చారు. క్వెచువాలో మాట్లాడారు. 2007కు నూటికి 83 కాన్పులు ఆ కేంద్రంలోనే జరిగాయి. ఆ తాడు గురించి విన్నప్పుడు నాకు మా ఇంటి దూలం కళ్ల ముందు కనబడింది.

మన ప్రభుత్వానికి నా విన్నపం ఒకటే. ఈ కొండల్లో ప్రతి కాన్పుల ఆసుపత్రిలో, వసతి గృహంలో కువి, ఆదివాసీ ఒడియా, గదబ, పోర్జ భాషలు తెలిసిన తోడు మనుషులను పెట్టండి. నాలుగు పురుళ్లు చూసిన ఊరి ఆడవాళ్లే చాలు. ఏది చెయ్యాలో, ఏది చెయ్యకూడదో నేర్పండి. వాళ్ల రాత్రులకు జీతం ఇవ్వండి, సేవ పేరుతో ఊరికే చేయించుకోకండి. 2017లో తెలంగాణ ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. అలాంటి శిక్షణకు మన ఆదివాసీ నర్సు పిల్లలను ఎంచి పంపండి.

స్టాఫ్ నర్సులుగా పనిచేస్తున్న నా చెల్లెళ్లకు ఒక మాట. మీ మీద ఎంత బరువుందో నాకు తెలుసు, నేనూ మోశాను. గుమ్మం బయట ఆపిన ఆ అత్తమ్మ మీకు అడ్డం కాదమ్మా, జీతం అడగని సాయం. ఆమెకు ఒక కుర్చీ వెయ్యండి.

మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి అంటారు మన పెద్దలు. తోడు ఒప్పుకోవడమూ అంతే. చివరిదాకా ఉండాలి. అందుకే ఆ మనిషిని ముందే ఎంచుకోవాలి. మీ ఇంట్లో ఏడో నెల గర్భిణి ఉంటే, ఈ రాత్రి అన్నాలు తిన్నాక ఆమెను అడగండి: నీ పురిటికి నీ పక్కన ఎవరుండాలి? అమ్మా, అత్తా, వదినా, అప్పా? మీకు నచ్చిన పేరు కాదు, ఆమె నోట వచ్చిన పేరు. దాన్ని ఆమె తల్లీబిడ్డల రక్షణ కార్డు (ఎంసీపీ కార్డు) మీద రాయించి, మీ ఆశా కార్యకర్తకు చెప్పండి. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు ఆ మనిషిని వెంట తీసుకెళ్లండి. గుమ్మం దగ్గర ఎవరైనా ఆపితే, ప్రభుత్వం 2016లోనే ఒప్పుకుందని మర్యాదగా చెప్పి, లోపలికి పంపండి.